బాలికల ఆరోగ్య రక్షణకు పాటుపడిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి

దక్షిణ భారతదేశంలో స్త్రీల వైద్య, సంఘ సంస్కరణ రంగాలలో చిరస్మరణీయమైన కృషి సల్పిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1886 జూలై 30న పుదుక్కోట్టైలో జన్మించారు. ఆమె తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబానికి చెందినవారు. బాలురకే పరిమితమైన మహారాజా కళాశాలలో ప్రత్యేక అనుమతితో చదివిన ఆమె, 1912లో మద్రాసు వైద్య కళాశాల నుండి పట్టభద్రురాలయ్యారు. అనంతరం మద్రాసులోని ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలో తొలి మహిళా హౌస్ సర్జన్‌గా సేవలందించారు.

1927లో మద్రాసు శాసనమండలి సభ్యురాలై, ఉపాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలో అంతర్భాగం. బాల్యవివాహాలను, బాలికలను దేవాలయాలకు సమర్పించే ఆచారాన్ని ఆమె సభలో తీవ్రంగా ఖండించారు. దేవదాసీలు ఆలయ సేవ మానినప్పటికీ ఇనాం భూములు వారికే దక్కేలా 1929లో చట్టం వచ్చింది. సమర్పణను పూర్తిగా నిషేధించాలన్న ప్రయత్నానికి మాత్రం సంప్రదాయవాదుల నుండి, కొందరు దేవదాసీల నుండి కూడా ప్రతిఘటన ఎదురైంది. 1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా ఆమె పదవిని త్యజించారు. నిషేధ చట్టం 1947లో గాని రాలేదు.

వసతి గృహాలు చేర్చుకొనని దేవదాసీ బాలికలకు ఆమె తన ఇంటనే ఆశ్రయమిచ్చారు. అదే అవ్వై ఇల్లంగా రూపొందింది. సోదరి కేన్సర్‌తో మరణించగా, ఆ వేదనతో చేసిన కృషి ఫలితంగా 1954లో అడయారులో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది. 1956లో పద్మభూషణ్ పురస్కారం పొందిన ఆమె, 1968 జూలై 22న కన్నుమూశారు. ఆ దురాచారం అప్పటికీ సమసిపోనందున, ఆంధ్రప్రదేశ్ 1988లో మరో నిషేధ చట్టం చేయవలసి వచ్చింది.