క్లౌ దొరగారు నీళ్లలోకి దిగని దినము



చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణిలలో పెరుగుతున్న మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో కన్నడమే చదువుతారు. ఒంగోలు క్లౌ దొరగారి పేరు విన్నారేమో గాని ఆయన చరిత్ర వారికి తెలియదు. సంఘములో ఎవరి మాట ఎంతవరకు చెల్లాలి అని మన మధ్య తరచు వచ్చే ప్రశ్నకు ఆ చరిత్ర పనికివస్తుంది.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో పుట్టి, 1910లో ఆ రాష్ట్రములోనే కన్నుమూశారు. యౌవనములో భూములు కొలిచే సర్వేయరు పని చేశారు. 1865లో భార్య హారియెట్ గారితో మన దేశము వచ్చి, మరుసటి సంవత్సరము ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడింది. ఆ నెలలోనే తలకొండపాడు వెళ్లారు. అంతకుముందే విశ్వాసియైన యర్రగుంట్ల పేరయ్యగారు అక్కడ తనవారిని సిద్ధపరచి ఉంచారు. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. అక్కడ 28 మంది బాప్తిస్మము పొందారు.

ఇక ఒంగోలులో చిక్కు వచ్చింది. అగ్రవర్ణములవారు దొరగారి బడికి పిల్లలను పంపుతున్నారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని తేల్చి చెప్పారు. బడి నడిపినవారికి ఈ మాట బరువు తెలుసు. దొరగారు, దొరసానిగారు వేర్వేరు గదులలో, ఒకరితో ఒకరు చెప్పుకోకుండ, వాక్యము తెరిచారు. ఇద్దరికీ దొరికినది మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక ఒకటవ అధ్యాయమే. లోకము లెక్కచేయనివారిని దేవుడు ఏర్పరచుకొనే సంగతి అందులో ఉంది. ఎవరు రావాలో నిర్ణయించే అధికారము తమకు లేదని వారికి అర్థమైంది. వచ్చినవారిని చేర్చుకున్నారు. అగ్రవర్ణముల పిల్లలు బడి మానివేశారు.

తరువాత దెబ్బ పల్లెలమీద పడింది. విశ్వాసులు ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. నియమములు ఈ మూడే. కాని ఆనాడు మాదిగవారి బ్రతుకు ఊరి చాకిరితో ముడిపడినది. కబురు రాగానే పనికి పోవాలి, జాతరలో డప్పు కొట్టాలి. కరణములు, మునసబులు కోపగించారు. బావి నీళ్లు, నడిచే దారి కూడ అడ్డగించారు. దొరగారు ఈ ఫిర్యాదులను ప్రభుత్వ అధికారుల యెదుటికి తీసుకువెళ్లారు. రోమా పత్రిక 13వ అధ్యాయము ఒకరోజు, అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయము మరొకరోజు చదివి మనము రెంటినీ విడదీస్తాము. ఆ పల్లెవారు కలిపి బ్రతికారు. ఆరు దినములు రైతు పని, ఆదివారము దేవునిది.

1876-78 కరువులో అధికారము దొరగారి చేతికే వచ్చింది. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమునకు కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇచ్చారు. మన బోధకులే పని చూసుకున్నారు. అన్నము పెట్టే చేయి ఏమి చెప్పినా ఆకలిగొన్నవాడు తల ఊపుతాడు. (సహాయనిధి తాళము ఎవరివద్ద ఉంటే కమిటీలో వారి మాటే చెల్లడము మనమూ చూస్తున్నదే.) అందుచేత సంవత్సరమునకు పైగా ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. అడిగినవారిని త్రిప్పి పంపారు. 1878లో, ఇక ఇచ్చుటకు డబ్బు లేదని చెప్పిన తరువాత కూడ జనము వచ్చారు. తమకు సహాయము అక్కరలేదు, బాప్తిస్మము కావాలన్నారు. అప్పుడు ఆయన అడ్డు చెప్పలేదు. త్వరపడ్డారని విమర్శించినవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆపినప్పుడు తన చేతిలోని కూలి డబ్బుకు భయపడ్డారు. ఇచ్చునది ఏమీ లేనప్పుడు ఇంకా ఆపితే దేవుని పనికి అడ్డు నిలిచినట్టే.

1878 జూలై 3న ఒంగోలుకు పది మైళ్ల దూరములో, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. అభిషేకము పొందిన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు వంతులవారీగా ఇచ్చారు. ఒడ్డున గుమాస్తాలు పట్టికలు పట్టుకొని పేర్లు చదువుతున్నారు. క్లౌ దొరగారు ఆనాడు ఒక్కరికైనా బాప్తిస్మము ఇవ్వలేదు.