రాంట్‌జెన్ కిరణం... లగేజీలో ఇన్సులిన్

కందకుర్తి, బోధన్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే షుగర్ పేషెంట్లు తరచూ అడుగుతుంటారు: ఎయిర్‌పోర్టు స్కానర్‌లో పెడితే ఇన్సులిన్ పాడవుతుందా? ఆ స్కానర్‌లో ఉన్నదీ, ఆస్పత్రిలో ఉన్నదీ ఒకే కిరణం. దాన్ని కనిపెట్టింది విల్‌హెల్మ్ రాంట్‌జెన్.

1845లో జర్మనీలో పుట్టారు. ఎవరో గీసిన ఉపాధ్యాయుడి వ్యంగ్యచిత్రం వల్ల ఆయన్ను బడి నుంచి పంపేశారు. అయినా చదివి ఆచార్యుడయ్యారు. 1895 నవంబరు 8న ఎక్స్‌రేను గుర్తించారు. డిసెంబరులో భార్య చేతి ఎముకలను ఫొటో తీశారు. 1901లో భౌతికశాస్త్రంలో తొలి నోబెల్ ఆయనకే దక్కింది. ఆ సొమ్మును విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. పేటెంటు తీసుకోలేదు. 1923లో పేగు క్యాన్సర్‌తో మరణించారు.

ఎక్స్‌రేను ఎముక ఎక్కువగా ఆపుతుంది, కండ తక్కువగా ఆపుతుంది. లగేజీ స్కానర్ కూడా ఇదే చూస్తుంది. రెండు స్థాయుల శక్తితో కిరణాలు పంపి, ఏ వస్తువు ఎంత ఆపిందో పోలుస్తుంది. లోహం నీలంగా, తిండి, బట్టల వంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. చాలా పేలుడు పదార్థాలదీ నారింజ రంగే. కానీ వాటి సాంద్రత ఎక్కువ. సీటీ తరహా స్కానర్లు ఆ తేడానే పట్టేస్తాయి.

కిరణం సంచిలో మిగిలిపోదు, ఇన్సులిన్‌ను పాడుచేయదు. దాన్ని పాడుచేసేది గడ్డకట్టించే చలి. అందుకే చెకిన్ లగేజీలో వేయకుండా, డాక్టర్ చీటీతో పాటు చేతిసంచిలో పెట్టుకోండి. ఇన్సులిన్ పంపు, సెన్సర్ వాడేవారు మాత్రం ముందే డాక్టర్‌ను అడగండి.