పోతన గంటము నిలిచిన వేళ

బాలబాలికలారా! వ్యాసరచన పరీక్షనాడు మీలో కొందరు తొలి వాక్యము వ్రాసి, రెండవది తోచక, కలము కొన కొరుకుచు కూర్చుండుట నేను ప్రతి సంవత్సరమును చూచుచునే యున్నాను. ఇంట తెలుగు, బెంగళూరు వీథిలో కన్నడము. కావలసిన వేళకు కన్నడపు మాట వచ్చును గాని తెలుగు మాట రాదు. తమకిక తెలుగు రాదని తల్లిదండ్రులకడ కంట తడి పెట్టినవారును గలరు. అట్టివారి కొరకే పోతనామాత్యుని కథ చెప్పుచున్నాను.

పోతన 15వ శతాబ్దివాడు. తండ్రి కేసన, తల్లి లక్కసానమ్మ, అన్న తిప్పన. నేటి తెలంగాణమున జనగామ జిల్లాలోని బమ్మెర ఆయన యూరు. కడప సీమలోని ఒంటిమిట్ట యనువారును గలరు. ఆ వివాదము మన కిక్కడ వలదు. వీరభద్రవిజయము, నారాయణశతకము, భోగినీదండకము ఆయన పేర వెలసినవి. తుదకు సంస్కృత భాగవతమును తెనిగింప బూని, దానిని ఏ రాజునకును గాక శ్రీరామునకే యర్పించెను. నాగలి పట్టి బ్రతికెనని జనశ్రుతి.

ఎనిమిదవ స్కంధమున గజేంద్రమోక్షము కలదు. మడుగులో మొసలి కాలు పట్టగా, ఏనుగు వేయేండ్లు పెనగులాడి, బలముడిగి మొరపెట్టినది. రచన ఇంతవరకు ధారగా సాగినది. ఆ మొర వినునప్పటికి విష్ణువెచ్చట నున్నాడు? ఏమి చేయుచున్నాడు? సంస్కృత మూలమున హరి గరుడునెక్కి వేగముగా వచ్చెనని మాత్రమే యున్నది. వైకుంఠపు మేడయు, తోటయు, కొలనును అందు లేవు. పోతనకు అంతటితో తనివి తీరలేదు. గంటము నిలిచినది అందువలననే యని నా తలంపు. చేయి పట్టి నడిపించుచున్న మూలము అక్కడ చేయి విడిచినది. చూడని చోటును తానే చూచి చెప్పవలసి వచ్చినది. పైగా ఎత్తుకొన్నది మత్తేభవిక్రీడితము. పాదమునకు 20 అక్షరములు, 14వ అక్షరము యతిస్థానము. మదపుటేనుగు పేరుగల వృత్తమున ఏనుగు కథ!

పద్యము కొంత వ్రాసి, తరువాత తోచక, పోతన తాటియాకును కూతునకిచ్చి బయటికి పోయెనట. ఇంతలో తండ్రి రూపున నొకరు వచ్చి, ఆకు అడిగి పుచ్చుకొని, పద్యము పూరించి పోయిరట. తిరిగివచ్చిన పోతన ఎవరు వ్రాసిరని యడుగగా, నాన్నగారే వచ్చి వ్రాసి, మరల తన్నడుగుచున్నారేమని ఆ పిల్ల విస్తుపోయెనట. వచ్చినది శ్రీరాముడని పెద్దలందురు. జయదేవుని గీతగోవిందమును గూర్చియు నిట్టి కథ కలదు. కనుక దీనిని చరిత్రముగా గాక ఐతిహ్యముగానే చెప్పుచున్నాను. అయినను ఈ కథ కల్పించినవారు రచనలోని కష్టమెరిగినవారు. ఇందు పోతన ఆకును చింపలేదు, పడని పాదమును బలవంతముగా నతికింపలేదు, ఊరక లేచిపోయెను.

మీరు పరీక్ష విడిచి లేచిపోరాదు సుమా! తోచని మాట కడ కన్నడ పదమే వ్రాసి ముందునకు సాగుడు. తరువాత నాకడకు రండు. తెలుగు మాటను ఇరువురము కలిసి వెదకుదము.

ఆ పద్యము దాటిన పిమ్మట పోతన రచన ఎంత వేగముగా నడచినదో చూడుడు. విష్ణువు లక్ష్మితో నైనను చెప్పడు, ఆయుధములు చేపట్టడు, వాహనమునకై నిలువడు. ఉన్నవాడున్నట్లు పరుగు తీయును.

మీ కన్నడ పాఠములలోని కుమారవ్యాసుడును 15వ శతాబ్దివాడే. ఆయన గదగు వీరనారాయణాలయమున స్నానము చేసి, తడిబట్టతో కంబము చెంత కూర్చుండి, బట్ట ఆరువరకే భారతము చెప్పెడివాడనియు, ఆరినంతనే ధార నిలిచెడిదనియు అక్కడివారి ఐతిహ్యము. ఆయన చెప్పినవి 10 పర్వములే. పోతన భాగవతమును ఆయన వ్రాత మాత్రమే కాదు. అందు 5వ స్కంధము గంగనది, 6వది సింగనది, 11, 12 స్కంధములు వెలిగందల నారయవి. మన యిండ్లలోని భాగవతము నలుగురి చేతి వ్రాత.