నిద్రించువారిని కాచిన ఆగథా హాడ్జిన్స్



తన ప్రజలను కాచు దేవునికి రెప్పపాటు కునుకైనను లేదని 121వ కీర్తన మనకు బోధించుచున్నది. కోతకాలమున కళ్లమునొద్ద కావలియుండువాని విలువ మన రైతులకు తెలియును. ఊరంతయు నిద్రించుచుండగా అతడు మేలుకొనియుండును. తెల్లవారి ధాన్యము భద్రముగా నున్నయెడల అతని సంగతి ఎవరును తలంపరు. ఆసుపత్రిలో ఇట్టి కావలి పనికి తన బ్రతుకు నిచ్చిన యొక నర్సు చరిత్రను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

ఆగథా హాడ్జిన్స్ 1877లో కెనడా దేశమందలి టొరంటో పట్టణమున జన్మించెను. అమెరికాలోని బోస్టన్ నగర ఆసుపత్రిలో నర్సు విద్య నేర్చి 1900లో ఉత్తీర్ణురాలాయెను. తరువాత ఒహాయో రాష్ట్రమందలి క్లీవ్‌లాండ్ నగరమునకు వెళ్లి, లేక్‌సైడ్ ఆసుపత్రిలో పనిచేసెను. అచ్చటి శస్త్రవైద్యుడైన డాక్టరు జార్జి క్రైల్ 1908లో ఆమెను ఎన్నుకొని, ఆపరేషను సమయమున రోగులకు మత్తు ఇచ్చు పనిని అప్పగించెను.

ఈ పని తేలికైనది కాదు. ఆ దినములలో ఈథరు విస్తారముగా వాడుకలో నుండెను. క్రైలును హాడ్జిన్సును నైట్రస్ ఆక్సైడు అను వాయువును ప్రాణవాయువుతో కలిపి ఇచ్చు పద్ధతిని వృద్ధిచేసిరి. దీనివలన రోగి త్వరగా మేల్కొనును. అయితే ప్రాణవాయువు తగ్గినయెడల ప్రాణమునకే అపాయము. కనుక మత్తు ఇచ్చువారు రోగి ముఖపు రంగును, ఊపిరిని, నాడిని క్షణమైన విడువక కనిపెట్టుచుండవలెను. నొప్పివలె భయము కూడ దేహమునకు హాని చేయునని క్రైల్ నమ్మెను. కాబట్టి మత్తుకు ముందే రోగిని నెమ్మదిపరచుట ఈ పద్ధతిలో ఒక భాగమాయెను.

1914లో ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమాయెను. అమెరికా అప్పటికింకను యుద్ధములో చేరలేదు. అయినను ఆ సంవత్సరము డిసెంబరులో క్రైలుతోకూడ వైద్యులును నర్సులును స్వచ్ఛందముగా ఫ్రాన్సునకు బయలుదేరిరి. హాడ్జిన్స్ వారిలో ఒకతె. ఆమె సైనికురాలు కాదు. పారిస్ ప్రక్కనున్న న్యూయీలో, ఒక పాఠశాల భవనమందు నడచుచున్న అమెరికను ఆసుపత్రిలో, గాయపడిన సైనికులకు ఆమె మత్తు ఇచ్చెను. రక్తము పోయి సొమ్మసిల్లినవారికి ఈ వాయువు ఈథరుకంటె మేలని అచ్చటి వైద్యులు చూచి నేర్చుకొనగోరిరి. ఆమె వారికిని నర్సులకును నేర్పెను.

1915లో ఆమె తిరిగివచ్చి, లేక్‌సైడ్ ఆసుపత్రిలో మత్తు విద్యకు పాఠశాల నెలకొల్పెను. మొదటి తరగతిలో 11 మంది నర్సులు, 6గురు వైద్యులు, ఇద్దరు దంతవైద్యులు నుండిరి. అయితే మత్తు ఇచ్చుట వైద్యుల పనియే గాని నర్సుల పని కాదని కొందరు వైద్యులు 1916లో అభ్యంతరము తెచ్చిరి. పాఠశాల కొంతకాలము ఆగిపోయెను. 1917లో ఆ అడ్డు తొలగెను. 1919లో ఒహాయో చట్టమే సవరింపబడి నర్సుల పనికి చోటు దొరికెను.

ఇంతలో, 1917 ఏప్రిలులో, అమెరికా యుద్ధమున ప్రవేశించెను. మరుసటి నెలలోనే లేక్‌సైడ్ ఆసుపత్రి బృందము ఐరోపాకు చేరెను. అమెరికా సైన్యమునుండి మొదట దాటివెళ్లిన బృందము ఇదియే. అది ఫ్రాన్సులోని రువాన్ పట్టణమున ఒక బ్రిటిషు సైనిక ఆసుపత్రిని నడపెను. 1918లో బ్రిటిషు సైన్యము కూడ తన నర్సులకు మత్తు ఇచ్చు పనిని నేర్పించెను. ఆ యుద్ధకాలమున అమెరికా సైన్యపు నర్సులకు ఏ హోదాయు లేదు. 1920లో కొంత హోదాయు, 1947లో పూర్తి అధికారి పదవియు వారికి దొరికెను. ఈనాడు అమెరికా సైన్యమునకు ఈ విద్యలో స్వంత శిక్షణ కలదు. సైన్యము వెలుపలనున్న నర్సులు సహితము దానికి దరఖాస్తు పెట్టవచ్చును. ఎన్నికైనవారు అధికారులుగా చేరుదురు.

1931లో క్లీవ్‌లాండులో సుమారు 40 మంది మత్తు నర్సులు కూడి యొక సంఘము స్థాపించి, హాడ్జిన్సును మొదటి అధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి. కొద్దికాలములోనే ఆమె ఆరోగ్యము చెడెను. 1945లో ఆమె మరణించెను. ఆమె కాచిన రోగులలో ఎందరికి ఆమె పేరు తెలిసియుండును? మేల్కొన్నవాడు కోసిన వైద్యునికి వందనము చెప్పును. తాను నిద్రించుచుండగా తన ఊపిరిని లెక్కించినవారిని అతడు చూడడు. అయినను ఆ కావలి లేనియెడల అతడు మేల్కొనడు.

సహోదరులారా, మన సంఘములలో నర్సు విద్యకు పోగోరు ఆడపిల్లలున్నారు. అంతదూరము పంపుటెట్లని తల్లి, రాత్రి డ్యూటీలేమని తండ్రి, మనవంటివారికి సీటు ఎవరిత్తురని పిన్నమ్మ ఆటంకపరచుదురు. దరఖాస్తు కాగితము ఇంటి దూలములోనే చెదలు తినును. యెషయా దేవుని పిలుపు విని, తన్ను పంపుమని తానే మనవి చేసికొనెను (యెషయా 6వ అధ్యాయము). దరఖాస్తు కూడ అట్టి మనవియే. అది తిరస్కరింపబడవచ్చును, అడ్డగింపబడవచ్చును. హాడ్జిన్స్ పాఠశాల కూడ అడ్డగింపబడెను గదా! అయితే అడుగనివారిని ఎవరును పిలువరు. కాగితము వ్రాయుటకు చేతకానివారు మా యొద్దకు రండి. కూర్చుండి కలిసి వ్రాసెదము.

ఇంటిలో రోగి మంచమునొద్ద రాత్రంతయు మేలుకొను తల్లులారా, మీ కావలిని మనుష్యులు చూడకపోయినను, నిద్రింపని దేవుడు చూచుచున్నాడు. ఆయన మిమ్మును బలపరచును గాక. ఆమేన్.