ఇంట్లో చదివి నలుగురిలోకి వచ్చిన అచ్చమాంబ

సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో మునగాల వస్తుంది. మా ఊరోళ్లకు విత్తనాలైనా, ఎరువులైనా అక్కడే. ఇప్పుడది మామూలు మండల కేంద్రం. ఒకనాడు మాత్రం అదొక పరగణా. చుట్టూ నైజాం రాజ్యమున్నా, మునగాల మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా కింద ఉండేది. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసింది. అక్కడ దివానుగా చేసిన కొమర్రాజు వెంకటప్పయ్య గారి బిడ్డే భండారు అచ్చమాంబ గారు.

ఆమె 1874లో నందిగామ దగ్గరి పెనుగంచిప్రోలులో పుట్టారు. ఆరేళ్లకే తండ్రి పోయారు. పదేళ్లకే పెళ్లయింది. భర్త మాధవరావు గారిది మన దేవరకొండ, ఉద్యోగం మధ్యపరగణాల్లో. ఆమె బడి గడప తొక్కింది లేదు. తమ్ముడు లక్ష్మణరావును చదివించడానికి తన దగ్గరికి తీసుకుపోయారు. తమ్ముడికి చెప్పే పాఠాలే పక్కన కూర్చుని తానూ నేర్చుకున్నారు. తెలుగు, హిందీ, మరాఠీ వచ్చాయి. తర్వాత ఇంగ్లీషు, సంస్కృతం కూడా పట్టుబడ్డాయి. ఆ తమ్ముడే తర్వాత విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు గారు.

ఇక్కడ నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. ఇంటి చదువైనా ఆమెది ఒంటరి చదువు కాదు. తోడుగా తమ్ముడున్నాడు. కన్నబిడ్డలు చిన్నతనంలోనే పోయినా ఆమె గదిలో ముడుచుకు కూర్చోలేదు. అనాథ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదివించారు. 1901లో స్త్రీల జీవితాలతో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించారు. కథలు రాశారు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారు. ఇంట్లో వచ్చిన చదువును ఆడవాళ్లు కూడే చోటికి తెచ్చారన్నమాట. 1905లో, ముప్పయ్యేళ్లు దాటీ దాటకుండానే, బిలాస్‌పూర్‌లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ కన్నుమూశారు.

ఇదంతా చదివినప్పుడు నాకు మా చెల్లె యాదికొచ్చింది. హైస్కూలు దూరమని, పత్తి ఏరడానికి మనుషులు దొరకరని ఏడో తరగతితో దాన్ని మాన్పించారు. నేను సెలవులకు పోయినప్పుడల్లా లెక్కలు, సైన్సు చెప్పిన. ప్రైవేటుగా కట్టి పది పాసయింది. మంచి మార్కులొచ్చినయ్. నేను మస్తు మురిసిన. కానీ కొత్త మనిషి వాకిట్లోకొస్తే ఇప్పటికీ తలుపు చాటుకు పోతది. దానికి ఈడు పిల్లల తోడు లేదు, కొట్లాడి మళ్లీ కలిసిపోయే స్నేహితురాలు లేదు. పాఠం నేను చెప్పగలిగిన, కానీ ఆ తోడు నేను ఇయ్యలేకపోయిన.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయి, చెల్లెను సూర్యాపేటలోనో, మిర్యాలగూడలోనో హాస్టల్లో ఉంచి ఇంటర్ చదివిద్దామని నాయినతో అన్న. ఆయన ఇంకా ఊ అనలేదు. తలుపు చాటు నుంచి చెల్లె వింటనే ఉంది. ఈసారి అచ్చమాంబ గారి కథ చెప్పి మళ్లీ అడుగుత.