మిల్లు పిల్ల మేరీ స్లెసర్: సందులో మొదలైన సేవ

ఊరికి ఏదో ఒకటి చేయాలనే కోరిక మన యువతలో చాలామందికి ఉంది. చదువు సరిపోదని, చేతిలో డబ్బు లేదని, పెద్దవాళ్ళ పరిచయాలు లేవని వెనక్కి తగ్గేవాళ్ళూ అంతేమంది ఉన్నారు. ఈ మూడూ లేకుండానే పని మొదలుపెట్టిన ఒక స్త్రీ జీవితాన్ని ఈ సంచికలో మీ ముందు పెడుతున్నాం. ఆమె పేరు మేరీ స్లెసర్. స్కాట్లాండ్‌లో పుట్టి, నేటి నైజీరియాలోని కాలబార్ ప్రాంతపు తెగల మధ్య దాదాపు 39 ఏళ్ళు గడిపి, అక్కడి మట్టిలోనే కలిసిపోయింది.

1848 డిసెంబరు 2న అబెర్దీన్ నగరాన్ని ఆనుకుని ఉన్న గిల్కామ్‌స్టన్‌లో మేరీ పుట్టింది. తండ్రి చెప్పులు కుట్టేవాడు, తల్లి నేతపని తెలిసిన మనిషి. ఏడుగురు పిల్లల్లో మేరీ రెండవది. పెరిగి పెద్దయింది నలుగురే. తండ్రికి తాగుడు అలవాటు ఉండేది. దానివల్ల పని పోయింది, ఇల్లు గుల్లయింది. బతుకుతెరువు వెతుక్కుంటూ 1859లో కుటుంబమంతా డండీ నగరానికి చేరింది. అక్కడ మిల్లుల చుట్టూ ఉన్న ఇరుకు వాడల్లో కాపురం పెట్టారు.

పదకొండేళ్ళకే మేరీ బాక్స్టర్ బ్రదర్స్ మిల్లులో చేరింది. సగం రోజు మిల్లులో పని, సగం రోజు మిల్లువాళ్ళే నడిపే బడిలో చదువు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి పూర్తిస్థాయి నేత కార్మికురాలు అయింది. పొద్దున ఆరింటికి మగ్గం దగ్గర నిలబడితే సాయంత్రం ఆరింటిదాకా అక్కడే. పుస్తకాన్ని మగ్గం మీద ఆనించి పెట్టుకుని, పని మధ్యలో చదువుకునేది. తండ్రి, అన్న పోయాక ఇంటి బరువులో పెద్ద వాటా ఆమె మీదే పడింది. తండ్రి బాగా తాగి వచ్చిన శనివారం రాత్రుల్లో ఈ పిల్ల వీధిలో నిలబడి ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి.

తల్లి దైవభక్తి గల మనిషి. పిల్లలను వెంటబెట్టుకుని ప్రెస్బిటేరియన్ సంఘానికి వెళ్ళేది. సంఘం వెలువరించే మిషన్ పత్రికను ఇంట్లో చదివి వినిపించేది. కాలబార్ అనే పేరు మేరీ మొదట విన్నది ఆ పత్రికలోనే. అయితే ఆమె సేవ కాలబార్‌లో మొదలుకాలేదు. తన ఇంటి పక్క సందులో మొదలైంది.

డండీలోని విషార్ట్ సంఘం మిల్లు వాడల పిల్లల కోసం చిన్న మిషన్ నడిపేది. సండే స్కూల్, సాయంత్రపు తరగతులు, ఇంటింటికీ వెళ్ళి పలకరించడం అందులో పనులు. పనిచేసేవాళ్ళు చాలక ఇబ్బంది పడుతుంటే మేరీ నేను వస్తానని ముందుకొచ్చింది. ఆ పనికి జీతం లేదు. పన్నెండు గంటలు మగ్గం నడిపిన చేతులతోనే సాయంత్రం తరగతికి వెళ్ళేది. ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేది. రోగులున్న ఇళ్ళకు వెళ్ళి, మెట్ల మీద కూర్చుని, పసిపిల్లను ఒళ్ళో వేసుకుని తల్లుల కష్టాలు వినేది. వీలైన శనివారం మధ్యాహ్నాలు అల్లరి పిల్లలను ఊరిబయట పొలాలకు తీసుకెళ్ళి, వాళ్ళతో పాటు పరుగు పందేలు పెట్టుకునేది.

ఆ వాడల్లో మిషన్ తరగతులంటే గిట్టని కుర్రాళ్ళ గుంపులు ఉండేవి. రాళ్ళు, బురద విసిరేవారు. ఒక రోజు ఒక గుంపు మేరీని చుట్టుముట్టింది. నాయకుడు తాడుకు సీసపు గుండు కట్టి గిరగిరా తిప్పుతూ ఆమె ముఖానికి దగ్గరగా, మరింత దగ్గరగా తెచ్చాడు. ఆమె కదలకుండా నిలబడితే అందరూ తరగతికి రావాలన్నది పందెం. గుండు నుదుటిని తాకుతూ పోయినా మేరీ కదలలేదు. వాడు తాడు వదిలేశాడు. ఆ సాయంత్రం గుంపంతా తరగతికి వచ్చింది. ఇందులో ధైర్యం ఒక్కటే చూస్తే సరిపోదు. మేరీ వాళ్ళను చూసి భయపడలేదు, చీదరించుకోనూ లేదు. వాళ్ళు కూడా తన వాడ పిల్లలే అనుకుంది. ఆ తరువాతి జీవితంలో ఆమె చేసిన ప్రతి పనికీ మూలం ఈ చూపే.

ఆఫ్రికాలో ఎన్నో ఏళ్ళు తిరిగిన డేవిడ్ లివింగ్‌స్టన్ 1873లో చనిపోయాడు. ఆ వార్త స్కాట్లాండ్‌ను కదిలించింది. లివింగ్‌స్టన్ కూడా మేరీ లాగే చిన్నప్పుడు మిల్లులో పనిచేసినవాడు. 1875లో మేరీ యునైటెడ్ ప్రెస్బిటేరియన్ చర్చి విదేశీ మిషన్‌కు దరఖాస్తు పెట్టుకుంది. పెద్ద చదువు లేకపోయినా, వాడలో ఆమె చేసిన పని ఆమెకు పెద్ద అర్హత అయింది. ఎడిన్‌బరోలో కొన్ని నెలల శిక్షణ తరువాత, 1876 ఆగస్టు 5న లివర్‌పూల్‌లో ఇథియోపియా అనే ఓడ ఎక్కి, సెప్టెంబరులో కాలబార్ చేరింది.

కాలబార్ మిషన్ 1846లో మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన బృందంలో జమైకా నుంచి వచ్చిన నల్లజాతి క్రైస్తవులు కూడా ఉన్నారు. మేరీ వెళ్ళేసరికి ఎఫిక్ భాషలో బైబిలు అచ్చయి ఉంది. అయినా ఆమె భాషను పుస్తకంతో సరిపెట్టుకోలేదు. సంతలో, వంటింట్లో, పిల్లల ఆటల్లో నేర్చుకుంది. సామెతలు, ఎకసెక్కాలు, తిట్లు కూడా అర్థమయ్యేంతగా పట్టింది. మిగతా తెల్లవాళ్ళలా టోపీ, బూట్లు, బిగుతు దుస్తులతో ఉండకుండా జుట్టు కత్తిరించుకుని, వట్టి కాళ్ళతో తిరిగింది. స్థానికుల తిండే తిన్నది. అలా మిగిల్చిన జీతం డబ్బును ఇంటి దగ్గర తల్లికి, చెల్లెళ్ళకు పంపేది. జనం ఆమెను ఎఫిక్ పద్ధతిలో గౌరవంగా మా అని పిలవసాగారు.

ఆ ప్రాంతంలో కవల పిల్లలంటే భయం ఉండేది. ఇద్దరిలో ఒకరు దుష్టాత్మకు పుట్టినవారని, ఎవరో తెలియదు గనుక ఇద్దరూ ఉండకూడదని నమ్మేవారు. పసికందులను చంపడమో, కుండలో పెట్టి అడవిలో వదిలేయడమో జరిగేది. తల్లిని ఊరి నుంచి వెలివేసేవారు. మేరీకి ముందున్న మిషనరీలు కూడా దీన్ని ఆపడానికి ప్రయత్నించారు. మేరీ మాటలతో ఊరుకోలేదు. కబురు తెలిసిన వెంటనే రాత్రీ పగలూ చూడకుండా అడవి దారిలో పరుగెత్తి పిల్లలను తెచ్చుకునేది, తన ఇంట్లో పెంచేది. అలా ఆమె ఇంట్లో పెరిగిన వాళ్ళలో మొదటివారిలో ఒకరు జేనీ. కవలల్లో ఒకరుగా పుట్టి బతికి బయటపడిన ఆ పిల్ల ఆమెకు పెద్ద కూతురై, చివరిదాకా తోడుంది. కవల పిల్ల పెరిగి, నడిచి, నవ్వి, నీళ్ళు మోస్తుంటే ఊరు చూసింది. ఏ దుష్టాత్మా ఊరి మీద పడలేదు. భయం కొద్దికొద్దిగా వదిలింది.

1888 ఆగస్టులో, వాన కురుస్తున్న రోజు, తాను పెంచుతున్న ఐదుగురు పిల్లలతో మేరీ పడవలో ఒకోయాంగ్ తెగ ప్రాంతానికి వెళ్ళింది. బయటివారిని నమ్మని తెగ అది. ఎకెంగే గ్రామంలో ఎడెమ్ అనే పెద్ద ఆమెకు చోటిచ్చాడు. అతని అక్కచెల్లెళ్ళలో ఒకరైన మా ఎమే ఆమెకు ప్రాణస్నేహితురాలైంది. ఈమె సంగతి మనం మరిచిపోకూడదు. ఎక్కడైనా ఎవరి ప్రాణం మీదికో వచ్చిందని తెలిస్తే మా ఎమే రహస్యంగా ఒక మందు సీసాను మేరీ దగ్గరకు పంపేది. మందు నింపి ఇమ్మని అడిగినట్టు పైకి కనిపిస్తుంది. సిద్ధంగా ఉండమని దాని అర్థం. మా ఎమే క్రైస్తవ మతం తీసుకోలేదు. తన తెగ స్త్రీగా ఉంటూనే తన తెగ ప్రాణాలను కాపాడింది. మేరీకి వచ్చిన పేరులో సగం ఈ స్త్రీది.

ఒకసారి ఎడెమ్ కొడుకు ఇంటి దూలం మీద పడి చనిపోయాడు. పెద్ద ఇంటి చావుకు ఎవరో చేతబడి చేసి ఉంటారని, కొందరిని పట్టి బంధించారు. వాళ్ళకు ఎసెరే అనే విషపు గింజ తాగించి పరీక్షించడం ఆచారం. మేరీ శవానికి తన దగ్గరున్న మంచి బట్టలు కట్టించి, తలపాగా చుట్టించి, గొడుగు కింద కూర్చోబెట్టి, అంతకుముందు ఎవరికీ జరగనంత గౌరవం జరిపించింది. బంధించిన వాళ్ళ దగ్గర రాత్రింబవళ్ళు కాపలా కాసింది. రోజుల తరబడి వాదించింది, బతిమాలింది. చివరికి అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. చనిపోయిన వాడికి గౌరవం కావాలన్న తండ్రి బాధను ఆమె కొట్టిపారేయలేదు. దానికి ప్రాణం తీయని దారి చూపించింది.

పని లేకపోవడమే తాగుడుకు, కొట్లాటలకు కారణమని ఆమెకు డండీలోనే తెలుసు. అందుకే ఒకోయాంగ్ పెద్దలను ఆయుధాలు వదిలి కాలబార్ వర్తకులతో పామాయిల్ వ్యాపారం చేయడానికి ఒప్పించింది. ఆఫ్రికా యువతకు చేతివృత్తులు నేర్పే సంస్థ కావాలని గట్టిగా కోరినవారిలో ఆమె ఒకరు. 1895లో కాలబార్‌లో హోప్ వాడెల్ శిక్షణ సంస్థ ఏర్పడింది. మశూచి వచ్చినప్పుడు ఆమే టీకాలు వేసింది. ఆ జబ్బుతో ఎడెమ్ చనిపోతే దగ్గరకు రావడానికి అందరూ భయపడ్డారు. తనకు చోటిచ్చిన ఆ పెద్దమనిషిని ఆమే తన చేతులతో పాతిపెట్టింది.

సొంత జీవితంలో ఆమె వదులుకున్నదీ తక్కువ కాదు. చార్లెస్ మారిసన్ అనే యువ మిషన్ ఉపాధ్యాయుడితో పెళ్ళి నిశ్చయమైంది. అతని ఆరోగ్యం దృష్ట్యా ఒకోయాంగ్‌కు పంపడానికి మిషన్ ఒప్పుకోలేదు. ఒకోయాంగ్‌ను వదిలి రావడానికి ఆమె ఒప్పుకోలేదు. పెళ్ళి ఆగిపోయింది. మలేరియా జ్వరం ఆమెను ఏళ్ళ తరబడి పీడించింది.

1892లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను ఒకోయాంగ్‌లో వైస్ కాన్సుల్‌గా నియమించింది. 1905లో ఇకోట్ ఒబాంగ్ స్థానిక కోర్టుకు ఉపాధ్యక్షురాలైంది. అల్లికపని చేసుకుంటూ, ఒళ్ళో పసిపిల్లతో గంటల తరబడి వాదనలు వినేది. స్త్రీలకు, వెలివేసిన తల్లులకు న్యాయం జరిగేలా చూసేది. ఒక నిజం కూడా మనం గుర్తుంచుకోవాలి. ఆ అధికారం వలస పాలకులు ఇచ్చినది. ఆ పాలన తెగల స్వేచ్ఛను, నేలను తన చేతిలోకి తీసుకున్నది. ఆ నీడ మేరీ పని మీద కూడా ఉంది. జనం ఆమెను నమ్మింది మాత్రం పదవి వల్ల కాదు. పదవి రాకముందే తమ భాషలో, తమ తిండి తింటూ, తమ పిల్లలను మోసిన మనిషిగా ఆమెను చూశారు.

ఒకోయాంగ్ తరువాత ఆమె ఇటూ వైపు, లోపలి ఊళ్ళకు కదిలింది. వెలివేతకు గురైన స్త్రీలు తమ కాళ్ళ మీద తాము నిలబడేందుకు యూసే దగ్గర ఒక నివాసం ఏర్పాటు చేసింది. నడవలేని రోజుల్లో చిన్న బండిలో కూర్చుని, పిల్లలు తోస్తుంటే ఊళ్ళు తిరిగింది. 1915 జనవరి 13న యూసేలో కన్నుమూసింది. కాలబార్ డ్యూక్ టౌన్‌లో ఆమె సమాధి ఉంది. ఆ నగరంలో ఒక పెద్ద రోడ్డుకు ఆమె పేరు పెట్టారు. స్కాట్లాండ్‌లో క్లైడ్స్‌డేల్ బ్యాంకు 1997లో తన పది పౌండ్ల నోటు మీద ఆమె బొమ్మ వేసింది.

మన తెగలకూ ఆచారాలు ఉన్నాయి. విత్తనాల పండుగ, పెద్దల కొలుపు, థింసా, కొత్తల పండుగ మన గౌరవం. వాటిని నిలుపుకోవాలి. చేతబడి చేశారన్న అనుమానంతో మనిషిని కొట్టడం, చంపడం, కుటుంబాన్ని వెలివేయడం ఆచారం పేరుతో ఎక్కడ జరిగినా అది మన గౌరవం కాదు. ఏది నిలుపుకోవాలో, ఏది వదలాలో బయటివాళ్ళు చెప్పేదాకా మనం ఆగనక్కర్లేదు. మా ఎమే లాంటి వాళ్ళు ప్రతి గూడెంలో ఉంటారు. వాళ్ళ పక్కన నిలబడితే చాలు.

సేవకు దూరం పోవాల్సిన పని కూడా లేదు. మీరు వెళ్ళేది చర్చికైనా, ఊరి గుడికైనా, మన సంఘం సమావేశానికైనా అక్కడ చేయి కావాల్సిన పని ఎప్పుడూ ఉంటుంది. సాయంత్రం ఒక గంట చిన్నపిల్లలకు చదువు చెప్పడం, వాళ్ళకు మన భాషలో పాటలు, కథలు నేర్పడం, అవ్వకు పింఛను కాగితం రాసిపెట్టడం, జ్వరం వచ్చిన ఇంటికి వెళ్ళి పలకరించి ఆసుపత్రికి తోడు వెళ్ళడం, తాగుడు వల్ల చెదిరిన ఇంటి పిల్లలను ఆటలోకి పిలవడం. మేరీ స్లెసర్ డండీ సందుల్లో చేసింది సరిగ్గా ఇలాంటి పనులే. అవి ఆమెకు ఎవరూ నేర్పలేని చదువు నేర్పాయి. ఈ వారం మీ వాడలో అలాంటి పని ఒకటి మీరూ చేపట్టండి.