రసవాది అఘోరనాథుడు

నాంపల్లి స్టేషనునుండి అబిడ్సునకు పోవు త్రోవలో గోల్డెన్ థ్రెషోల్డ్ అను పాత భవనము కలదు. అది సరోజినీదేవి యిల్లని యెల్లవారు నెరుగుదురు. ఆమె తండ్రి డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయుని తలచువారు మాత్రము కొలదిమంది.

ఆయన 1851లో తూర్పు వంగదేశమున, విక్రమపుర ప్రాంతమున జన్మించెను. కలకత్తాలో చదివి, గిల్‌క్రైస్టు విద్యార్థివేతనముతో ఎడింబరో విశ్వవిద్యాలయమున చేరి, డి.యస్‌సి. పట్టము గడించెను. అట్టి పట్టమందిన భారతీయులలో ఆయన మొదటి వరుసలోనివాడు. పిమ్మట నిజాము రాజ్యమునకు వచ్చి ఆంగ్ల విద్యాలయమును నెలకొల్పెను. అదియే క్రమముగా నిజాం కళాశాలకు మూలమయ్యెను. భార్య వరదసుందరీదేవితో కూడి బాలికల చదువునకును పాటుపడెను.

1883లో చాందా రైలుమార్గపు తగవు వచ్చెను. ఆ ఏర్పాటువలన రాజ్యమునకు నష్టము కలుగునేమోయని ప్రజలలో శంక పొడమెను. సంగతులన్నియు బహిరంగముగా చర్చింపవలెనని అఘోరనాథుడు పట్టుబట్టెను. తత్ఫలితముగా ఉద్యోగము పోయెను. మే నెలలో రాజ్యమునుండి వెళ్లగొట్టబడెను. జీతమిచ్చు ప్రభువును లెక్క లడుగుట ఆ కాలమున సామాన్య సాహసము కాదు. కొంతకాలమునకు ప్రభుత్వమే ఆయనను మరల పిలిపించెను.

ఇంతటి శాస్త్రజ్ఞునకు రసవాదమన్న తీరని మక్కువ. పండితులకు, ఫకీరులకు, సాధువులకు ఆయన వాకిలి తెరచియే యుండెడిది. హీనలోహమును బంగారము చేయు యత్నములలో ధనము కరగిపోయెను. బంగారము మాత్రము కానరాలేదు. దీనిని వెఱ్ఱి యని కొట్టివేయుట తేలిక. కాని తాను తరుగక ఇతర వస్తువులను మార్చు పదార్థము వట్టి కల కాదు. దానికి 1835లో బెర్జీలియసు పేరు పెట్టెను. మనవారు ఉత్ప్రేరక మందురు. అది లోహమును బంగారము చేయజాలదు, రసాయన చర్యను మాత్రము త్వరపరచును.

గంధకామ్లము తయారీయే చూడుడు. పాత సీసపుగదుల పద్ధతిలో గంధకపు వాయువుతోపాటు నత్రజని ఆక్సైడులును వాయురూపముననే కలసి పనిచేసెడివి. స్పర్శ పద్ధతిలో ప్లాటినమువంటి ఘనపదార్థపు ఉపరితలమున వాయువులు కలియును. మొదటిది సజాతీయము, రెండవది విజాతీయము. ద్రవములో కరగు ఉత్ప్రేరకము చక్కగా ఎంచి పనిచేయును గాని, సరకునుండి వేరుచేయుట కష్టము. ఘనమైనదానిని వడగట్టి మరల వాడవచ్చును. చిరకాలము ఈ రెండు శాఖలవారును ఎవరి దారిన వారు నడచిరి. తరువాత చేతులు కలిపి, కరగు ఉత్ప్రేరకమును ఘనపదార్థమునకు అంటగట్టి, రెండు గుణములను ఒకచోట చేర్ప యత్నించిరి. హైదరాబాదు తార్నాకలోని ప్రయోగశాలయందును ఇట్టి కృషి జరిగెను.

అఘోరనాథుడు 1915లో కలకత్తాలో పరమపదించెను. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము తన తొలినాళ్ల కార్యాలయమును గోల్డెన్ థ్రెషోల్డ్‌లోనే తెరచెను.